కాకులు నన్ను గుర్తుపట్టిన శుక్రవారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. తెలియనివి ఈ మధ్య రోజురోజుకీ పెరుగుతున్నాయి గాని, పాతికేళ్లు దాటుతూనే షార్జాలో దిగేనాటికి నా జ్ఞానం సంపూర్ణం. తెనాలిలో ఒక గ్రంథాలయం మేడ మీద ఆదివారం ఆదివారం జరిగే హేతువాద చర్చల్లో పెరిగినవాణ్ణి. జాతకం చెప్పేవాడు దొరికితే వాడితో వాదన, వాస్తు చెప్పేవాడు దొరికితే వాడితో వాదన, ఎవరూ దొరక్కపోతే మా నాన్నతో వాదన. "నిరూపించు" అన్నది నా ఊతపదం. పెళ్లి పంక్తిలో పక్కవాడు పులిహోర బాగుందన్నా నేను "నిరూపించు" అన్నానని మా అక్క ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది (శుద్ధ అబద్ధం, నేనన్నది బూరెల గురించి). విమానం ఎక్కేటప్పుడు అమ్మ జేబులో పెట్టిన విభూతి పొట్లాన్ని సముద్రం మీద ఉండగా తీసి, ముందు సీటు వెనక సంచిలో వదిలేసి, ఒక శతాబ్దపు అజ్ఞానాన్ని వదిలించుకున్నట్టు ఛాతీ విరుచుకున్నాను. అటువంటివాణ్ణి నేను.

షార్జాలో మాది నీటి మోటార్లు అమ్మి బాగుచేసే చిన్న కంపెనీ. మా కఫీల్, అంటే మా వీసాలకి పూచీ ఉన్న యజమాని, ఒక పెద్ద వయసు అరబ్బు. అందరం అర్బాబ్ అనేవాళ్లం. ఆయన మనసంతా ఖోర్ ఫక్కాన్ కొండల వెనక ఉన్న ఆయన తోట మీదే ఉండేది. ఖర్జూరాలు, మామిడి, కొన్ని మేకలు, చాలా కోళ్లు. ఆ తోటకి పట్టిన పీడ కాకులు. అవి అచ్చంగా మన కాకులే. ఎప్పుడో మన రేవుల నుంచి ఓడలెక్కి వచ్చి అక్కడే ఉండిపోయాయట. వీసా అక్కర్లేని ప్రవాసులు. కోడిపిల్లని ఎత్తుకుపోవడం, పండిన మామిడికాయకి సరిగ్గా ఒక్క పొడుపు పొడిచి ఇంకో కాయ మీదికి పోవడం వాటి పని. ఒకరోజు అర్బాబ్ ఆఫీసుకి వచ్చి కుర్చీలో కూలబడి, "యా ముహందిస్, కౌవా బహుత్ ముష్కిల్" అన్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు, అంటే నేను. పిట్టల్ని కొట్టే చిన్న తుపాకీ ఒకటి కొందామనుకుంటున్నాననీ, ఏది మంచిదో తెలియడం లేదనీ చెప్పాడు. నేనూ అంతవరకూ తుపాకీ పట్టింది ఎగ్జిబిషన్‌లో బెలూన్ల ముందు మాత్రమే. అందులోనూ బెలూన్లవాడు జాలిపడి దువ్వెన ఇచ్చి పంపాడు. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట, "అది నాకు వదిలెయ్ అర్బాబ్. సైన్స్."

ఇక చూడండి, ఒక నెల నేను చదవని పుట లేదు. గాలి తుపాకుల్లో సన్న గుండు రకం, లావు గుండు రకం అని రెండున్నాయి. సన్నది వడిగా, తిన్నగా పోతుంది గాని దెబ్బ తేలిక. లావుది కాస్త నెమ్మది, దెబ్బ గట్టిది. ఈ రెంటి మీద ప్రపంచమంతటా మనుషులు ఇంటర్నెట్‌లో కొట్టుకుంటున్నారు. మా గ్రంథాలయం మేడ మీద ద్వైతాద్వైతాల గురించి కూడా అంత ఆవేశం నేను చూడలేదు. నేను పట్టికలు గీసి, గాలివాటు లెక్కలు కట్టి, చివరికి సన్న గుండు పక్షాన తీర్పు చెప్పాను. అర్బాబ్ అనుమతి కాగితాలు తన పేరు మీద సంపాదించి, తుపాకీ కొని, తోటలోని ఇనప బీరువాలో పెట్టి తాళం మొలకి కట్టుకున్నాడు. తోట దాటి అది బయటికి రాకూడదు, ఆయన లేకుండా ఎవరూ ముట్టకూడదు. చదువులో నాకు ఇంకో రహస్యం కూడా తెలిసింది. ఒకే డబ్బాలోని సీసపు గుళ్లు కూడా ఒకే బరువు ఉండవట. తేడా ఉంటే గురి తప్పుతుందట. నిజమైన గురికాడు గుళ్లని తనే చేత్తో తూచి, ఏరి, వేరుచేసుకుంటాడట.

నా గదిలో ఉండే కడప భాయ్ బంగారప్పని చేసే కార్ఖానాలో ఉండేవాడు. అతన్ని బతిమాలి చిన్న తూకం యంత్రం ఒకటి అరువు తెప్పించి, శుక్రవారం పొద్దున్నే ఇద్దరం తోటకి పోయాం. మేకల కొట్టం పక్కన చాప పరుచుకుని, పచ్చడి సీసాల మూతలు వరసగా పెట్టుకుని, ఒక్కొక్క గుండునీ చిమటాతో పట్టుకుని తూచడం మొదలుపెట్టాను. బరువైనవి ఒక మూతలో, తేలికవి ఒక మూతలో, అంచు నొక్కుకుపోయినవి ఇంకో మూతలో. ఎండ ఎక్కుతోంది. అర్బాబ్ ఖావా (అరబ్బుల కాఫీ) తాగి, మళ్లీ తాగి, కునుకు తీశాడు. కడప భాయ్ మాత్రం ఊరుకోలేదు.

"ఏందన్నా ఇది, కాకిని కొట్టనీకి తూస్తాండావా, కాకి కూతురికి నగలు చేపిస్తాండావా?"

"నీకు తెలీదు భాయ్. గుండ్లన్నీ ఒకే బరువుంటే అన్నీ ఒకే చోట తగుల్తాయి."

"సరే గానీ, కాకి గూడా ఒకే చోట కూసుంటాదని దానికి చెప్పినావా?"

కాకికి ఎవరూ చెప్పలేదు. తుపాకీ గొట్టాన్ని మధ్యకి విరిచి, నేను ఏరిన గుళ్లలో అత్యుత్తమమైనదాన్ని అందులో కూర్చి, మూసి, అర్బాబ్ చూస్తుండగా గురిపెట్టి మీట నొక్కాను. కాకి ఎగరను కూడా లేదు. తల ఓ పక్కకి వంచి నన్నే చూసింది. మళ్లీ కూర్చాను, మళ్లీ కాల్చాను. ఆ పూటంతా నేను సాధించింది ఒక్కటే, నీళ్ల ట్యాంకుకి చిల్లు. (నా లెక్క ప్రకారం గుళ్లన్నీ ఒకే చోట తగలాలి. తగిలాయి కూడా. ఆ చోటు ట్యాంకు.) అర్బాబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ముహందిస్, కౌవా జిందా, పానీ ఖలాస్!" పోతూ పోతూ చూస్తే కాకులన్నీ కంచె మీద వరసగా కూర్చుని, నేను బండెక్కేదాకా గోల చేస్తూనే ఉన్నాయి. ఎగతాళి చేస్తున్నాయనుకున్నాను. అవి చేస్తున్నది వేరే పని అని ఆ తర్వాతి శుక్రవారానికి గాని తెలియలేదు.

మా మేనేజర్ కాకినాడ ఆయన. ఆఫీసులోని తెలుగువాళ్లం ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. నాతో ఏ విషయంలోనూ ఏకీభవించేవాడు కాదు, అయినా వారానికోసారి ఇంటికి పిలిచి అన్నం పెట్టేవాడు. ఆ వారం నన్ను తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"ఇదిగో అబ్బాయ్, శుక్రవారం మా అమ్మ ఏడాది తద్దినం. అర్బాబ్‌ని అడిగాను, తోటలో పెట్టుకోమన్నాడు. ఈ ఇసకలో కాకి దొరికేది అక్కడే. నువ్వు బండి నడుపు. ఆ తుపాకీ మాత్రం ఈ వారం బీరువాలోంచి తియ్యకండి."

"వస్తానండీ. కానీ కాకి తినడానికీ, పోయినవాళ్లకీ ఏ సంబంధమూ..."

"నడపమన్నాను, మాట్లాడమన్లేదు."

అని, కిటికీలోంచి బయటికి చూస్తూ తనే చెప్పాడు. ఆవిడ విజిట్ వీసా మీద వచ్చి కొన్నాళ్లు ఉన్నారట. ఒకసారి అందరూ తోటకి వెళ్తే ఆ కాకుల్ని చూసి పొంగిపోయి, "మన కాకులురా ఇవి, ఇక్కడా ఉన్నాయి" అని చేతిలోని ఇడ్లీ అంతా వాటికే పెట్టేశారట. ఇంకో నెల ఉంటానని అడిగారట. "వీసా పొడిగించొచ్చు. పని ఒత్తిడిలో ఉన్నాను. మళ్లీ వద్దువుగానిలే అమ్మా అని పంపించేశాను. మళ్లీ రాలేదు." అంతే అన్నాడు. బండి ఎన్నింటికి తేవాలో అడిగి బయటికి వచ్చాను.

శుక్రవారం బండిలో పెద్దాయన, పిన్నిగారు (ఆయన భార్య), నేను, గారెల మాట విని వచ్చిన కడప భాయ్. పురోహితుడు కాకినాడ నుంచి ఫోన్‌లో రికార్డు చేసి పంపిన మంత్రాలు మోగుతుంటే, నీళ్ల తొట్టి పక్కన పెద్దాయన శ్రద్ధగా అంతా చేసి, అరిటాకులో పిండం పెట్టి, పక్కనే ఒక గారె పెట్టి, తొట్టి గట్టు మీద ఉంచి, చేతులు జోడించి వెనక్కి వచ్చాడు. కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు.

కాకులు లేకేం, కంచె నిండా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. మెతుకులు ఎండుతున్నాయి. పెద్దాయన ముఖం పాలిపోయింది.

"అమ్మా, నీ వెండి చెంబు చెల్లికే ఇస్తాను" అన్నాడు పైకే. కాకి కదల్లేదు. "బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటాను."

"పెరుగులో పంచదార మానేస్తానని కూడా చెప్పండి" అంది పిన్నిగారు వెనకనుంచి.

"అదీ మానేస్తానమ్మా." కాకి కదల్లేదు. చివరికి ఆయన గట్టు దగ్గర చతికిలబడి, చిన్నపిల్లాడి గొంతుతో, "ఇంకో నెల ఉంటానంది. ఉండనివ్వలేదు. అందుకే ముట్టడం లేదు" అన్నాడు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ నేను వాదించింది ఈ నమ్మకంతోనే. అది ఇప్పుడు ఒక మంచి మనిషి గుండె మీద కూర్చుని ఉంది. దాన్ని లేపడానికి నా దగ్గరున్న తర్కం ఒక్కటీ పనికిరావడం లేదు.

నిలబడలేక అటూ ఇటూ పచార్లు మొదలుపెట్టాను. అప్పుడు కనిపించింది. కంచె మీది కాకుల్లో ఒక్కటీ ఆకు వైపు చూడటం లేదు. నేను ఎడమకి నడిస్తే తలలన్నీ ఎడమకి, కుడికి నడిస్తే కుడికి. ఎప్పుడో చదివింది చప్పున గుర్తొచ్చింది, తనకి హాని తలపెట్టిన మనిషి ముఖాన్ని కాకి మరిచిపోదని.

"ఏవండీ!" అని అరిచాను. "మీ అమ్మగారికి కోపం లేదండీ. కోపం కాకులకి. అది కూడా నా మీద!"

పెద్దాయన తలెత్తి, తడి కళ్లతో నన్ను చూసి, ఒకే ఒక్క మాట అన్నాడు.

"నిరూపించు."

జీవితంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. నిరూపించాను. కంచె పొడవునా పరుగెత్తాను. కాకులన్నీ ఒక్కసారిగా లేచి, అరుచుకుంటూ నా వెంటపడ్డాయి. ఒకటి నెత్తి మీద తన్నింది కూడా. వెనక్కి పరుగెత్తాను. అవీ వెనక్కి తిరిగాయి. "చూశారా! చూశారా!" అని అరుస్తూ, తల మీద చేతులు పెట్టుకుని, నా సిద్ధాంతం నిజమైందన్న ఆనందంతో గెంతుతున్నాను. కడప భాయ్ నేల మీద దొర్లుతున్నాడు. "అన్నా, ఆయమ్మ అలగలేదు, నీ గుండ్ల తూకం వల్లనే వచ్చిండాది ఇదంతా!" పెద్దాయన ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగి రావడం నేను పరుగెత్తుతూనే చూశాను.

కానీ నిరూపణతో కాకి దిగదు కదా. బండిలోకి పోయి దాక్కుంటే కాకులు బండి మీదికి చేరి అద్దాలు పొడిచాయి. అప్పుడు, అంతసేపూ కొట్టం నీడలో కూర్చుని చూస్తున్న అర్బాబ్ లోపలికి పోయి తన పాత కందూరా ఒకటీ, తలకి చుట్టే గుత్రా ఒకటీ తెచ్చి కిటికీలోంచి లోపల పడేశాడు. "యల్లా ముహందిస్, అర్బాబ్ బన్ జావ్." ఇరుకు సీట్లో ఎలాగో ఆ పొడుగు తెల్లచొక్కా తొడుక్కుని, గుత్రా నోటి మీదుగా కళ్ల దాకా చుట్టుకుని, నెమ్మదిగా దిగి, అర్బాబ్ పక్కన అర్బాబ్ లాగే నిలబడ్డాను. కాకులు నన్ను ఎగాదిగా చూశాయి. వాటికి నేనెవరో తెలియలేదు. ఒకటి కంచె దిగింది. గట్టు మీదికి గెంతింది. ఆకు చుట్టూ తిరిగి, పిండాన్ని ఒకసారి పొడిచి, గారెని నోట కరుచుకుని ఎగిరిపోయింది. వెనకే మిగతావన్నీ ఆకు మీద పడ్డాయి.

"గారె! చూశావా, గారె తీసింది. అమ్మకి గారెలంటే ప్రాణం" అన్నాడు పెద్దాయన నవ్వుతూ, ఏడుస్తూ.

ఏ కాకైనా ఒట్టి మెతుకుల కంటే నూనెలో వేగినదాన్నే ముందు తీస్తుందని చెప్పడానికి నోరు తెరిచాను. గుత్రా అడ్డం వచ్చింది. తీసి చెప్పొచ్చు, కానీ తీస్తే కాకులు లేచిపోతాయి. నోరు మూసుకున్నాను. మూసుకున్న నోటితో అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు నాకు ఇంకొకటి లేదు. ఆ పూట భోజనం కూడా కందూరాలోనే చేశాను, గారెలు గుత్రా కిందినుంచి ఒక్కొక్కటే లోపలికి తోసుకుంటూ. అర్బాబ్ "బందూక్ ఖలాస్" అని బీరువా వైపు చెయ్యి ఊపి, తర్వాతి వారం చెట్లకి వలలు కట్టించాడు. పచ్చడి మూతల్లో వర్గాలవారీగా విడదీసిన నా గుళ్లు ఏమయ్యాయో తెలియదు. ట్యాంకు చిల్లు మాత్రం నేనే పూడ్చాను.

ఇవన్నీ జరిగి చాలా కాలమైంది. పెద్దాయన కాకినాడలో స్థిరపడ్డాడు, నేను తిరిగి తెనాలి చేరాను. నా అభిప్రాయాలేవీ మారలేదు. ఆదివారాల చర్చల్లో ఇప్పటికీ గొంతు చించుకునేది నేనే. ఏటా ఆ తిథినాడు మాత్రం పొద్దున్నే ఫోన్ మోగుతుంది. "ఎక్కడున్నావ్ అబ్బాయ్?" అంటాడు. "ఇంట్లోనేనండీ" అంటాను. "కాకి ముట్టేదాకా బయటికి రాకు" అంటాడు. ఆయన గంభీరంగానే అంటాడో నవ్వుతున్నాడో గొంతులో తెలియదు. తెనాలిలో నేను గడప దాటితే కాకినాడ కాకికి ఎలా తెలుస్తుంది? ఖోర్ ఫక్కాన్ కాకులు దానికేమైనా చెప్పి ఉంటాయా? అడగాల్సిన ప్రశ్నలు నోటి చివరే ఉంటాయి. ఏ ముహూర్తానికీ, ఏ వర్జ్యానికీ జీవితంలో తల వంచని నేను, తలుపు దగ్గరికి వేసి కుర్చీలో కూర్చుంటాను. మధ్యాహ్నానికి మళ్లీ ఫోన్ వస్తుంది.

"గారె తీసింది అబ్బాయ్."

నిరూపించమని నేను అడగను.