పరుశురాం అయ్యగారు దాటేసిన వచనం

లాలాపేట్‌లో రేకుల షెడ్డు కింద నడిచే మా సంఘానికి పరుశురాం అయ్యగారు పన్నెండేళ్లుగా పాస్టరు. వారంలో ఆరు రోజులు యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు. అక్కడే కౌంటర్లో నేనూ పని చేస్తాను కాబట్టి ఆయన ప్రసంగాలు ఎలా తయారయ్యేవో నాకు తెలుసు. ముందు తాను చెప్పాలనుకున్నది ఖాయం చేసుకునేవాడు. తర్వాత ఫోన్లో ఆ మాట కొట్టి, బైబిల్లోంచి వచ్చిన వచనాల్లో తనకు పనికొచ్చేవి తీసుకునేవాడు, మిక్చర్‌లో పల్లీలు ఏరుకున్నట్టు. వచనానికి ముందేముందో వెనకేముందో చూసిన పాపాన పోలేదు.

పోయిన వానాకాలం 'స్వస్థత' అని కొట్టాడు. ఆరు వచనాలు దొరికాయి. ఆదివారం గొంతు చించుకున్నాడు. "నమ్మినోనికి గోలీలెందుకు? ప్రభువు మీద భారమేసినంక మళ్ల మెడికల్ షాపుకు ఉరుకుడేంది?"

మేమంతా ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను. బీపీ గోలీలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే అన్నాను, సిగ్గు లేకుండా.

భాగ్య మాత్రం నిజంగానే నమ్మింది. తార్నాకలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేది. చిన్నప్పటి నుంచి ఆమెకు ఫిట్స్. ఆ సాయంత్రమే గోలీలు చెత్తబుట్టలో పడేసింది. భర్త రత్నాకర్ భయపడి మళ్లీ కొనుక్కొస్తే ముట్టలేదు. మూడో వారం బాత్రూంలో పడిపోయింది. తలుపు పగలగొట్టేసరికి ప్రాణం లేదు.

సమాధి దగ్గర రత్నాకర్ ఒకటే మాట పట్టుకుని ఏడ్చాడు. "నేను గోలీలు తెచ్చిన. నా అపనమ్మకమే దాన్ని సంపింది."

అయ్యగారు పక్కనే ఉన్నాడు. కాదని ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆయన మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

ఆ తర్వాత ఆయన ఫోన్లో వెతకడం మానేశాడు. మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని బైబిల్లోని పౌలు పత్రికలు, అంటే ఆయన సంఘాలకు, శిష్యులకు రాసిన ఉత్తరాలు, వరసగా చదివేవాడు. ఏ భాగం వస్తే ఆదివారం అదే చెప్పేవాడు. కేకలు తగ్గాయి. జనమూ తగ్గారు.

ఒక గురువారం తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి పేజీ తెచ్చి నాకు చూపించాడు. తనతో తిరిగిన త్రోఫిముకు జబ్బు చేస్తే అతణ్ని మిలేతు ఊళ్లోనే వదిలి వచ్చానని పౌలు అందులో రాశాడు.

"ఎందర్నో బాగు చేసిన పౌలు గీయన్నెందుకు బాగు చెయ్యలే? నమ్మకం తక్కువై జబ్బు చేసిందని ఏడ రాయలే. ఉత్తరం చివర ఉత్త పలకరింపులే గదా అని ఎన్నిసార్లు దాటేసిన్నో."

"చెప్తరా మరి, అయ్యగారూ?"

"చెప్తే రత్నాకర్ నన్నేమంటడో."

"అననియ్యుండ్రి" అన్నాను. నా కోపం ఇంకా చల్లారలేదు.

ఆదివారం ఆ అధ్యాయం చదివి, త్రోఫిము దగ్గర ఆగాడు. "గోలీ మింగుడు పాపం కాదు. నేనే తప్పు చెప్పిన. భాగ్య నా మాట ఇని పోయింది. రత్నాకర్ తప్పేం లేదు."

ఎవరూ ఆమెన్ అనలేదు. రత్నాకర్ లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను.

"మూడు నెలల సంది నేనే సంపిన అనుకుంటున్న" అన్నాడు మెల్లగా. "గీ వాక్యం అప్పుడు గూడ బైబిల్ల ఉండెనా, అయ్యగారూ?"

"ఉండె బిడ్డా."