రత్తమ్మ వాగు దాటిన వీడియో

నేను తినే అన్నం మీద ఒట్టు, పిల్లలూ... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది లేదు. దూరాన ఉన్నారు, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇప్పపూలు రాలడం వీడియో తీయమని మీ అన్న రవి చిన్న కెమెరా పంపాడు కదా. సారపాక అవతల మా అడవిలో అవి తెల్లారేలోపే రాలతాయి. పశువులు తినకముందే ఏరుకోవాలి. అందుకే నేనూ మా చెల్లె రత్తమ్మా చీకట్లోనే బయలుదేరాం. ఆమెకు రేచీకటి. అయినా మానదు. ఏ ఇంటి చెట్టు కింద ఆ ఇంటివాళ్లే ఏరాలి మరి.

కెమెరాను బెల్టుతో ఛాతీకి కట్టుకున్నాను. ముందురోజే రవి ఫోన్‌లో చెప్పాడు.

"అమ్మమ్మా, చీకట్ల అరవై ఫ్రేములు వద్దు, ముప్పై పెట్టు, వెలుతురొస్తది. కుదుపు తగ్గించే సెట్టింగు బంద్ చెయ్యి. చీకట్ల అది బొమ్మను అలికేస్తది."

ముప్పై పెట్టాను. కుదుపుది అట్లాగే ఉంచాను... దారంతా రాళ్లు, వీడియో ఊగితే మీకు తల తిరుగుతుందని.

వాగు వచ్చింది. మోకాలి లోతు నీళ్లు. అడుగున పాచి పట్టిన బండలు. రత్తమ్మ జారిందంటే అంతే.

"ఆగవే, చెయ్యి పట్టుకుంట," అన్నాను.

నా చెప్పు బురదలో ఇరుక్కుంది. వంగి లాగాను... తలెత్తేసరికి ఆమె వాగు మధ్యలో ఉంది.

టప్... టప్... నీళ్ల చప్పుడు.

ఒకరి అడుగులు కావవి. నేనేమో కదలనే లేదు.

అవతలి ఒడ్డెక్కి రత్తమ్మ అడిగింది.

"నీ చెయ్యేందక్కా, గింత సల్లగున్నది?"

నేను ఇవతలి ఒడ్డునే ఉన్నాను...

ఇంటికొచ్చి వీడియో చూశాం. వాగు నడుమ రత్తమ్మ. కుడి చెయ్యి పక్కకు చాచి ఉంది. వేళ్లు దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. వాటి పక్కన... మసక. మనిషంత పొడుగు.

వీడియో రవికి పంపాం. "చెప్పిన గదా అమ్మమ్మా, అది సెట్టింగే," అన్నాడు ఫోన్‌లో.

కావచ్చు. మరి ఆ చల్లటి చెయ్యి?

రేపు మళ్లీ పోతున్నాం. ఈసారి ఆ సెట్టింగు తీసేస్తానంటే రత్తమ్మ వద్దంది.

"సాఫ్‌గ కనపడితే అది మల్ల రాదేమో అక్కా. నన్నెవరు దాటిస్తరు?"

"నేను లేనా?"

"నువ్వు బురదల చెప్పు గుంజుకుంటుంటివి గదా!"

నవ్వింది. నేనూ నవ్వాను. కెమెరా చార్జింగులో ఉంది... సెట్టింగు ఇంకా మార్చలేదు.