తోటికోడలి చిప్స్ శాండ్‌విచ్

బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టిన చిప్స్ మీద మనిషికి పగ పుడుతుందా అని మీరు అడగొచ్చు. నాకు పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఏడాది పాటు ఆ పగతోనే లేచాను, ఆ పగతోనే పడుకున్నాను.

మాది గజపతినగరంలో రెండంతస్తుల ఇల్లు. పైన మేము, కింద మా మరిదీ ఆయన భార్యా. నేను పక్క ఊళ్ళో టీచర్ని. బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదున్నర అవుతుంది. మా అమ్మాయి అప్పుడు నాలుగో క్లాసు. దాని బడి నాలుగింటికే వదిలేస్తారు. ఆ గంటన్నరా అది కింద వాళ్ళ పిన్ని దగ్గర ఉండేది. ఆ పిల్ల కొత్తవలస నుంచి మా ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు, పోనీలే, నా బిడ్డకి తోడు దొరికింది అని సంతోషించినదాన్ని నేనే. ప్రార్థనలో దేవుడికి స్తోత్రం కూడా చెప్పాను. నాకేం తెలుసు!

నా వంట సంగతి కూడా చెప్పాలి. మా చర్చివాళ్ళు ఎవరింట్లో ప్రార్థన పెట్టుకున్నా దిబ్బరొట్టె నా చేతిదే కావాలి. అడుగు ఎర్రగా కాలి, లోపల దూదిలా ఉండాలంటే ఇంకెవరివల్లా కాదని పాస్టరమ్మగారే అన్నారు. అలాంటి నాకు ఒక్కగానొక్క కూతురు. అది నా చేతి తిండి తిని పెరుగుతోందన్నదే నాకున్న పెద్ద గర్వం. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా దానికి దూరంగా ఉండే తల్లికి అంతకంటే ఏం మిగులుతుంది?

ఒక సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే మా అమ్మాయి ఎదురొచ్చింది. మూతి చుట్టూ పచ్చగా కొత్తిమీర పచ్చడి.

"ఏటే, ఏటి తిన్నావు?"

"పిన్ని సిప్స్ శాండ్‌విచ్ సేసిందమ్మా! కొరికితే కరకరమని సెవుల్లో సప్పుడొస్తాది. నువ్వూ ఒకటి తింతావేటి?"

"బ్రెడ్డా? జొరమొచ్చినోలు కదే బ్రెడ్డు తింతారు! అదీ ఒక తిండేనా?" అన్నాను. అది నా మాట వినిపించుకోలేదు. ఆ రాత్రి నేను పెట్టిన చారూ అన్నం రెండు ముద్దలు తిని "సాలమ్మా" అని లేచిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మహత్తరమైన వంట ఏమిటో చూద్దామని ఒక శనివారం పెందలాడే వచ్చి, మెట్ల మీద నిలబడి వాళ్ళ వంటగది కిటికీలోంచి చూశాను. అవును, దొంగచాటుగానే చూశాను. బేకరీ నుంచి తెచ్చిన పాల బ్రెడ్డు. తోటికోడలు ఒక ముక్కకి వెన్న రాసింది. ఇంకో ముక్కకి కొత్తిమీరా పచ్చిమిరపకాయలూ నూరిన పచ్చడి. దాని మీద పల్చగా తరిగిన ఉల్లిపాయ చక్రాలు రెండు. ఆ పైన హాట్ చిప్స్ కొట్లో పొట్లం కట్టించుకొచ్చిన బంగాళాదుంప చిప్స్ గుప్పెడు పోసి, రెండో ముక్క మూసింది. అంతే! ఇందులో పొయ్యి వెలిగించే పనే లేదు. ఇదేం వంట అని నాలో నేనే నవ్వుకోబోయాను.

ఇంతలో తోటికోడలు "ఇప్పుడు నువ్వు నొక్కీ అమ్మా" అంది. మా అమ్మాయి పీట ఎక్కి, రెండు అరచేతులూ బ్రెడ్డు మీద పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కింది. లోపల చిప్స్ పటపటా విరిగాయి. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వు నాకు చురుక్కుమని తగిలింది. నా వంటగదిలోకి నేను దాన్ని రానివ్వను. నూనె చిందుతుందని, చెయ్యి కాలుతుందని, పని తెమలదని. నా దగ్గర అది తినే పిల్ల మాత్రమే. అక్కడ వండే పిల్ల. ఈ తేడా నాకు ఆ మెట్ల మీదే అర్థమైంది. అర్థమయ్యాక బుద్ధి రావాలి కదా, కడుపుమంట వచ్చింది.

ఇంకో రోజు మా అమ్మాయి పళ్ళెంలో ఒకటి పెట్టుకుని పైకి తెచ్చింది. "పిన్ని నీకిమ్మందమ్మా" అంది. అక్కడ పెట్టు అన్నాను, తల తిప్పకుండా. అది ఆటకి పోగానే తలుపు దగ్గరగా వేసి, నిలబడే తిన్నాను. ముందు మెత్తగా బ్రెడ్డు, వెంటనే కరకరమంటూ చిప్స్, ఆ ఉప్పదనం మీద వెన్న కమ్మదనం, చివర్లో పచ్చిమిరపకాయ ఘాటు. బాగుంది. అదే కదా నా ఖర్మ! బాగోకపోతే హాయిగా నిద్రపోయేదాన్ని. పళ్ళెం కడిగి బోర్లించి, పిల్ల వచ్చి అడిగితే "కాకులకి ఏసీసేను" అన్నాను. దాని మొహం చిన్నబోయింది.

మే నెలలో మా చర్చిలో పిల్లలకి వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి, పెడతారు. పది రోజులు పొద్దున పూట పాటలు, బైబిలు కథలు, కంఠత వాక్యాలు. పన్నెండింటికి టిఫిను. ఆ టిఫిను ఆడవాళ్ళం రోజుకొకరం వంతు వేసుకుని తెస్తాం. మా తోటికోడలి వంతు నాలుగో రోజు పడింది. ఆవిడ వండిన గిన్నెలేమీ తేలేదు. బ్రెడ్డు, పచ్చడి, వెన్న, చిప్స్ విడివిడిగా తెచ్చి, బల్ల మీద పరిచింది. ఒక్కొక్కటీ అప్పటికప్పుడు పేర్చి, ఎవరిది వాళ్ళచేతే నొక్కించింది. నలభైమంది పిల్ల గుంటలు! ఆ నొక్కుళ్ళు, ఆ కేరింతలు, చర్చి ఆవరణంతా తిరనాళ్ళే. మా అమ్మాయి వాళ్ళ పిన్ని పక్కన నిలబడి ఉల్లిపాయ చక్రాలు అందిస్తోంది. నేను నీళ్ళ బిందె దగ్గర గ్లాసులు కడుగుతున్నాను.

ఎవరో పిల్ల అడిగింది. "మీ అమ్మా ఇలగ సేస్తాదేటి?"

"మా అమ్మకి ఇలాంటివి రావు" అంది నా కూతురు. కోపంగా కాదు, వెక్కిరింతగా కాదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

నేను కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాను. ఎవరూ చూడలేదు. ఆఖరి రోజు వంతు నాది. ఆ రోజు నా కూతురు అందరిముందూ "మా అమ్మ చేసింది" అనాలి. అనిపిస్తాను. లేకపోతే నేను తల్లినే కాదు అనుకున్నాను. తల్లితనాన్ని బ్రెడ్డు ముక్క మీద పందెం కాసినది నేను తప్ప ఇంకొకరు ఉండరు.

ముందురోజు సాయంత్రం తోటికోడలు పైకి వచ్చింది.

"అక్కా, రేపు నువ్వూ శాండ్‌విచ్‌లే సేస్తన్నావంట కదా. నాను సాయమొస్తానక్క. సిప్స్ మట్టుకు అక్కడికెల్లాకే..."

"నాకు వంట నేర్పక్కర్లేదమ్మా. నువ్వు గౌన్లు ఏసుకున్నప్పటి నుంచీ సేస్తన్నాను" అన్నాను. పాపం, మాట మధ్యలోనే ఆపేసి కిందికి దిగిపోయింది.

కొట్లో చిప్స్ కొంటే నా గొప్పేముంటుంది? తెల్లవారకముందే లేచి, బంగాళాదుంపలు కాగితంలా తరిగి, మూడు నీళ్ళు కడిగి, పంచె మీద ఆరబెట్టి, వాయల వెంట వాయలు వేయించాను. ఒక్క చిప్పు కూడా మాడలేదు. అసలు అందరిముందూ బల్ల దగ్గర నిలబడి పేర్చడమేమిటి? వంటంటే ఇంటి దగ్గరే పూర్తిచేసి, మూత పెట్టి తీసుకెళ్ళాలి. అదీ నా పద్ధతి. ఆఖరి రోజు తల్లిదండ్రులు కూడా వస్తారని తొమ్మిదింటికల్లా నూట ఇరవై శాండ్‌విచ్‌లు పేర్చేశాను. మే ఎండకి బ్రెడ్డు ఎండిపోతుందని, చపాతీల మీద కప్పినట్టే తడిగుడ్డ కప్పి, పెద్ద స్టీలు డబ్బాల్లో సర్ది మూతలు బిగించాను.

ఆఖరి రోజు కదా, పిల్లల పాటలు, నాటిక, బహుమతులు. ఆపైన అతిథిగా వచ్చిన పెద్దాయన మైకు వదల్లేదు. ఒంటిగంటన్నరకి ఆమెన్ అన్నారు. నేను డబ్బా మూత తీశాను. గుప్పున ఉల్లిపాయ వాసన. ఒకటి చేతిలోకి తీసుకుంటే చల్లగా, తడిగా, కుంగిపోయి ఉంది. అయినా పంచాను. ఏం చెయ్యను మరి?

మొదట కొరికిన పిల్ల నమిలి, ఆగి, "ఇది దుంపల కూర బ్రెడ్డేటాంటీ?" అంది. వెనకాల నవ్వులు. మా అమ్మాయి తన వంతుది రెండు చేతుల మధ్య పెట్టి నొక్కింది. చప్పుడు రాలేదు. ఇంకోసారి నొక్కింది. పచ్చడి నీళ్ళు మణికట్టు మీదుగా కారాయి.

అప్పుడు తోటికోడలు నా పక్కకి వచ్చి, సంచీలోంచి రెండు పెద్ద చిప్స్ పొట్లాలు తీసింది. గొంతు తగ్గించి, "అక్కా, ఒక్కోదాన్లో నాలుగేసి ఇచ్చీదాం. ఎవులికీ తెలీదు" అంది.

నాకు తెలుసు, తీసుకుంటే అంతా సర్దుకునేది. పిల్లలు తినేవాళ్ళు. నా కూతురు తలెత్తుకునేది. కానీ ఆ పొట్లాలు ఆవిడ ముందే తెచ్చిందంటే, నేను ఓడిపోతానని ముందే తెలుసన్నమాట. అదే నాకు కనిపించింది. ఆ చెయ్యి మంచిదని కనిపించలేదు.

"అక్కర్లేదు! ఈటిని ఎవులికి తినాలనుంటే ఆలు తింతారు" అన్నాను, అందరికీ వినబడేలా. ఆవిడ పొట్లాలు మళ్ళీ సంచీలో పెట్టేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా అమ్మాయి ఆవిడ మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. తన చేతిలోది కొరికి, నమలకుండా మింగింది. సగం కొరికి వదిలేసిన ముక్కలు చర్చి మెట్ల పొడుగునా పడున్నాయి. ఊడ్చింది నేనే.

జూన్‌లో బళ్ళు తెరిచారు. ఒక సాయంత్రం నేను గేటు తీసేసరికి మా అమ్మాయి పెరట్లో కుళాయి దగ్గర ఉంది. నన్ను చూడలేదు. నోరు పుక్కిలించింది. వేళ్ళు ఒక్కొక్కటీ రుద్ది కడుక్కుంది. గౌను ముందు భాగం పట్టుకుని రెండుసార్లు దులిపింది. తోటికోడలు గుమ్మంలో నిలబడి, దాని బుగ్గ మీద పచ్చడి మరక ఉంటే చీర చెంగుతో తుడిచి, వెళ్ళమన్నట్టు తలూపింది. అది గబగబా మెట్లెక్కింది. నేను కాసేపు ఆగి, అప్పుడే వచ్చినదానిలా పైకి వెళ్ళాను.

"పిన్ని ఏటి పెట్టిందే ఇయేల?"

"ఏటీ పెట్లేదమ్మా. నాను అడగలేదు కూడా. నువ్వు సేసినయ్యే బాగుంతాయి."

తొమ్మిదేళ్ళ పిల్ల. నా కళ్ళల్లోకి చూసి, తడబడకుండా చెప్పింది. నాకు కావలసిన మాట, ఏడాదిగా నేను ఏడ్చి చచ్చిన మాట అదే. వంటగదిలోకి పోయి ఉప్మా చేసి పళ్ళెంలో పెట్టాను. అది మఠం వేసుక్కూర్చుని, చెంచా తర్వాత చెంచా, మధ్యమధ్య నీళ్ళు తాగుతూ, కష్టపడి మొత్తం తినేసింది. తిని నా మొహం చూసింది.

"ఇంకొంచెం పెట్టమ్మా" అంది.

దాని కడుపు నిండిపోయిందని నాకు తెలుసు. తెలిసీ, ఇంకో గరిటె వడ్డించాను.