చింతపండుతో తోమిన తీగ

"నానమ్మా, డబ్బా లోపలున్న తీగను ఏం చేసినవ్?"

"ఏం చేస్తనే? నల్లగైతే తోమిన. చూడు, ఎట్ల మెరుస్తుందో."

"తోమినవా! దేంతోటి?"

"వెండిని దేంతోటి తోముతరు? చింతపండుతోటి. ఇంత చదివినవ్, గిది సుత తెల్వదా?"

"ముట్టొద్దని మీద రాసిన్నా లేదా?"

"ఇంగ్లీషుల రాస్తివి. నా చదువు మూడో తరగతి. నాకెట్ల తెలుస్తది?"

నా మనవరాలిది గాలి చదువు. మా ఇంట్లో అట్లనే అంటాం. పెద్ద బెలూనుకు థర్మాకోల్ డబ్బా కట్టి ఆకాశంలోకి వదులుతారు. ఏ ఎత్తులో ఎంత చలి ఉందో అందులోని సన్నతీగ చెబుతుంది. బెలూను పగిలి డబ్బా బొల్లారం అవతల పొలాల్లో పడితే, పిల్ల పొద్దటి నుంచి వెతికి ఇంటికి తెచ్చి స్నానానికి పోయింది. చలికి పెరుగు తోడుకుంటలేదు. వేడి పోనియ్యని అంత మంచి డబ్బా ఉందిగదా అని లోపలి సామాను తీసి, పాలగిన్నె పెట్టిన. అప్పుడు కనబడ్డది తీగ. తెగకుండా వేలికొసతోనే తోమిన.

అరిచి అరిచి పిల్ల గోడకు ఒరిగి కూర్చుంది. అప్పుడు చెప్పింది. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుందట. భూమధ్యరేఖకు దగ్గరున్న మన దిక్కు, చాలా ఎత్తుకు పోయినంక అది తిరగబడి మళ్ళీ వేడి షురూ అవుతుందట. ఈసారి ఆ తిరుగుడు అందరూ అనుకునేదాని కన్నా కిందనే కనబడ్డదట. పైనుంచి రేడియోల వచ్చిన ఆ లెక్కలను ఆమెకు చదువు చెప్పే సారు నమ్మలేదు, తీగ చెడిపోయిందన్నాడు. దిగిన తీగను దిగినట్టే పరీక్ష పెడితే ఎవరి మాట నిజమో తేలేది.

"ఇప్పుడెట్ల తేల్తది? నువ్వు తోమినంక అది వేరే తీగాయె."

ఏదీ వృథా పోనియ్యనని నలుగురిలో చెప్పుకున్నదాన్ని. ఆమె రెండేండ్ల కష్టం ఒక్క పూటలో కడిగేసిన. తప్పైందని అనబోయి, అన్నం కంచం తెచ్చి ముందర పెట్టిన. ఆ మాట నాకు అలవాటు లేదు. పిల్ల తినకుండానే పడుకుంది.

తెల్లారి నేనూ ఆమె వెంట బస్సెక్కి కాలేజీల సారు దగ్గరికి పోయిన. "తోమింది నేను సారూ, పిల్ల తప్పేం లేదు" అన్న. ఆయన తీగను వెలుతురుకు పెట్టి చూసి, "ఇది ఇగ పనికిరాదమ్మా" అన్నాడు. ఆ బెలూను లెక్కలన్నీ పక్కన పెట్టమన్నాడు. మనవరాలు సరేనని తలూపింది. నన్ను ఇంటికి పోయే మల్కాజ్‌గిరి బస్సెక్కించి, బస్సు కదలకముందే కాలేజీ లోపలికి పోయింది.