ఇంజన్ వెనకున్న బస్సు

గల్ఫ్‌లో ఆరేళ్లు నేను నడిపింది కొరియా బస్సు. పొద్దున్నే క్యాంపు నుంచి కూలీలను సైటుకు తీసుకెళ్లడం, సాయంత్రం తిరిగి తేవడం. ఆ బస్సు పుట్టుపూర్వోత్తరాలు నాకు మా వంశం కన్నా బాగా తెలుసు. అక్కడి షెడ్డు మేస్త్రి చెప్పేవాడు: కొరియాలో యుద్ధం ముగిశాక, సైన్యం వదిలేసిన లారీల చట్రాలు ఏరుకొచ్చి, నూనె డ్రమ్ములు చీల్చి, సుత్తితో సాపు చేసి బస్సులు కట్టారట. అలాంటి షెడ్లే పెరిగి కంపెనీలయ్యాయి. ఇప్పుడు బ్యాటరీ బస్సులు కూడా చేస్తున్నారు. ఒడిశా తీరంలో మా ఊరు సోనేపూర్‌లోనూ డ్రమ్ము రేకులకు కొదవ లేదు. మేం వాటితో వంటింటికి చాటు కట్టుకున్నాం గానీ బస్సు సంగతి ఎవరికీ తట్టలేదు.

నేను తిరిగొచ్చేసరికి బరంపురంలో ఒక ఓనరు అలాంటి బస్సే కొన్నాడు. నమూనా కొరియా కంపెనీది, కట్టింది మన దేశంలో. ఇలాంటిది నడిపినవాడు ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే అని నన్ను పిలిచి తాళాలిచ్చాడు. సోనేపూర్ నుంచి బరంపురం రూటు.

నాకు అన్నీ తెలుసనుకున్నాను. ఎక్కి కూర్చుంటే అంతా తిరగబడింది. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, ఇక్కడ కుడివైపు. గేరు కోసం కుడిచెయ్యి చాచితే కిటికీ తగిలేది. తలుపు వైపు అద్దం చూడబోయి రోడ్డు వైపు అద్దం చూసేవాణ్ణి. సొంత ఊరి దారిలో నాకే దారి తప్పినట్టుండేది.

మా అమ్మ చేపల గంపతో రోజూ బరంపురం వెళ్తుంది. పదిహేనేళ్లుగా ఒక హోటలుకు చందువ చేపలు ఇచ్చేది ఆమే. మా ఇల్లు నిలబడింది ఆ వాడుక మీదే. నా గల్ఫ్ సంపాదన మధ్యలో వచ్చిపోయింది, అంతే. మా ఊరి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది: గంప ఎప్పుడూ బస్సు వెనక సీటు దగ్గరే పెట్టాలి. ముందు ఇంజన్ సెగకు ఐసు కరిగిపోతుంది. అత్తలు కోడళ్లకు నేర్పి పెట్టిన మాట అది.

మొదటి రోజు అమ్మ అందరికన్నా ముందు ఎక్కింది. కండక్టరు ఒడియావాడు. "మావుసీ, గంప ఏడ పెడతావు?" అన్నాడు.

"నాకు తెల్దేటి బాబూ, ఎనకే," అంది.

నేను విన్నాను. విని, "ఎంత మెత్తగా ఎల్తాదో సూడమ్మా," అన్నాను.

దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి తర్వాత గూడ్సు బండి. ఏసీ ఆగిపోతుందని ఇంజన్ ఆపలేదు. ఆ ఖాళీలో జనానికి డ్రమ్ముల కథంతా చెప్పాను. అమ్మ నావంకే చూస్తూ, పక్కనున్న ఆవిడ మోచేతిని పొడుస్తూ విన్నది.

బరంపురంలో గంప నేనే ఎత్తుకున్నాను. అడుగు వెచ్చగా తగిలింది. గోనె తీస్తే ఐసు నీళ్లయిపోయి ఉంది. హోటలు వంటాయన ఒక చందువను బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది, మళ్లీ లేవలేదు.

"ఇవాళ సాయంత్రం పెళ్లివాళ్ల భోజనాలున్నాయి. ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు నెమ్మదిగా. "ఏమీ అనుకోకమ్మా. రేపటి నుంచి గోపాల్‌పూర్ వాళ్లను తెమ్మంటాను."

అమ్మ బతిమాలలేదు. బయటకొచ్చాక గంప వంకే చూస్తూ అడిగింది.

"ఇంజన్ ఎనకుందేటిరా?"

"ఎనకేనమ్మా."

"నీకు తెలుసుగదా."

"తెలుసు."

"మరి సెప్పనేదేటి?"

ఆరేళ్లు ఆ ఇంజన్ వెనకే ఉంది. అక్కడ నేను మోసింది మనుషుల్ని, చేపల్ని కాదు. అదీ జవాబు కాదు. పొద్దున అమ్మ 'ఎనకే' అన్న మాట నా చెవిన పడింది, నా నోరు మాత్రం ఇంకేదో మాట్లాడింది. ఇప్పటికీ ఎందుకో నాకు అర్థం కాదు. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ ఆ చేపలు గంపలోనే ఉంచుకుని బజారు మూల కూర్చుంది. నేను బస్సు తీశాను.

మర్నాడు పొద్దున స్టాపులో అమ్మ గంపతో నిలబడి ఉంది. తలుపు తెరిపించాను. "ముందలే పెట్టమ్మా, నా కాడ. సల్లగుంటాది," అన్నాను.

"ఎల్లు బాబూ, టైమవుతాది," అంది. "నాను పాత బస్సుకొస్తాను."

కోపంగా అనలేదు. ఎవరో పరాయి డ్రైవరుతో అన్నట్టు అంది. బండి కదిలించి అద్దంలో చూశాను. రోడ్డూ, ఒక సైకిలూ కనిపించాయి. మళ్లీ తప్పు అద్దమే. ఎడమవైపు తిరిగి చూస్తే, అమ్మ గంపను తలమీంచి దించి, నీడలోకి జరిపి, మా వెనకొచ్చే బస్సు కోసం రోడ్డు వంక చూస్తోంది.