పాటిమన్ను తోలిన ఎండకాలం

మొన్న వనపర్తిలో కొన్న కొత్తకుండలో మొదటిసారి నీళ్లు పోయగానే లేచిన వాసనకు, దిద్దుతున్న సాంఘికశాస్త్రం పేపర్లు పక్కన పెట్టేసి, మనసులోనే అమరచింత దగ్గరి మా ఊరి పాటిదిబ్బ మీదికి వెళ్లిపోయాను.

ఎప్పుడో మనుషులు బతికి వెళ్లిపోయిన చోట బూడిద, పేడ, కుండపెంకులు కలిసి పేరుకున్న ఆ దిబ్బ మన్ను చేనుకు బలమని, ఎండలు ముదిరి పనుల్లేని రోజుల్లో ఊరంతా బండ్లు కట్టి తోలుకునేది. పెద్దవాళ్లు తవ్వుతుంటే మేం రాలిన బూడిదరంగు పెంకులు ఏరుకుని, బండకేసి గుండ్రంగా అరగదీసి తొక్కుడుబిళ్ల ఆడి, తుమ్మనీడన జొన్నరొట్టె, పుంటికూర తిని, చేతులు కడుక్కోమని అవ్వ అరుస్తున్నా మళ్లీ మన్నులో పడేవాళ్లం. అందరి బిళ్లలకంటే నాదే నున్నగా ఉంటుందని నాకు మహా పొగరు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు తమ్ముడు పుట్టి మూడోరోజునే పోయాడు. నాయిన తువ్వాలలో చుట్టి తీసుకెళ్లాడు. పసిగుడ్డును ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పకపోవడం మా ఇళ్లల్లో అలవాటు. చెబితే ఆమె మనసు అక్కడే తిరుగుతుందట. అమ్మ అడిగినప్పుడల్లా నాయిన, ఎడ్లకు నీళ్లు పెట్టాలంటూ లేచి వెళ్లిపోయేవాడు.

ఆ ఎండకాలమే దిబ్బ మీద అమ్మ గడ్డపారకు ఒక మందపాటి కుండ తగిలింది. మూతగా పెట్టిన చిప్ప జరిగి, లోపల సన్నసన్నటి ఎముకలు కనిపించాయి.

"కోడిపిల్లవా అమ్మా?"

"కాదు బిడ్డా. పసిపిలగానివి."

కుండ అంచు చుట్టూ చేసినవాళ్ల వేలిగుర్తులు అలాగే ఉన్నాయి. అమ్మ ఒక గుర్తులో తన వేలు పెట్టి చూసింది, సరిగ్గా పట్టింది. పక్కనే మసిబారిన మూడు పొయ్యిరాళ్లు.

"పొయ్యి పక్కన్నే పెట్టుకున్నరు సూడు. గీ తల్లికి ఎర్కే, బిడ్డ యాడున్నడో," అని అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

"జర పక్కకు పెట్టు, బండి నిండాలె," అన్నాడు నాయిన, అటు తిరగకుండానే. అమ్మ వినలేదు. కుండను తనే ఎత్తుకుపోయి దిబ్బలో ఇంకో చోట లోతుగా పూడ్చి వచ్చింది. ఆ రోజు మళ్లీ తట్ట ముట్టలేదు.

అలాంటివి కుమ్మరిచక్రం తెలియని కాలంలో చేత్తో మలిచిన కుండలని, నవీన శిలాయుగంలో ఈ ప్రాంతపు పశుపోషకులు పసిపిల్లలను కుండల్లో పెట్టి ఇంటి నేలలోనే పాతుకునేవారని కాలేజీలో చదివాను. అమ్మకు చెబుదామనుకుని, తమ్ముడి మాట ఎత్తలేక ఊరుకున్నాను. అది నా పిరికితనమే.

అమ్మ పోయి దినాలు అయ్యాక, నాయినను నేనే అడిగాను.

"దిబ్బ అంచుకే పెట్టిన బిడ్డా. నా చేతనైనన్నాళ్లు గాడ గడ్డపార ఎయ్యనియ్యలె. దిబ్బను తవ్వనీకి జేసీబీ వచ్చినప్పుడు దవాఖాన్ల పడి ఉంటి."

"అమ్మకెందుకు చెప్పలె?"

"రోజూ పోయి కూసుంటదని."

కూర్చుంటే ఏమయ్యేది? ఆమె ఆ రోజు కుండ ముందు కూర్చుని ఏడ్చింది కూడా ఆ అంచుకు పది అడుగుల దూరంలోనే.

ఇప్పుడక్కడ దిబ్బ లేదు, పెంకులు ఏరే పిల్లలు లేరు, చదునైన పత్తిచేను ఉంది. తమ్ముడు ఏ ట్రాక్టరులో ఎవరి చేనికి పోయాడో నాయినకు కూడా తెలియదు.