ఎర్తుకు పోయని నీళ్ళు

మా చిన్నాయన పోయాడని మదనపల్లె నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కుప్పంలో మా ఇంట్లో గిన్నెలు కడుగుతున్నాను. పొద్దున కాఫీ తాగి, అంగడి తీయడానికి లేచి, మళ్ళీ కూర్చున్నాడట. అంతే. వినగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకొక్క నెల ఆగలేకపోయాడా అనిపించింది. ఆయనకు నేనొక అబద్ధం చెప్పి ఉన్నాను. ఉగాదికి మదనపల్లె పోయినప్పుడు ఒప్పుకుందామని దాచిపెట్టుకున్నాను.

మా నాయనకు తమ్ముడాయన. ఫ్రిజ్జులు, గీజర్లు బాగుచేసే అంగడి ఉండేది. జేబులో పెన్ను లేకపోయినా టెస్టర్ ఉండేది. ఎవరింటికి పోయినా ముందు స్నానాల గదిలోకి దూరి, గీజరుకు ఎర్తు ఉందో లేదో చూసొచ్చాకే పలకరింపులు. పుంగనూరులో మా మేనత్త కొడుకు పెళ్ళిలో బకెట్లో హీటర్ కడ్డీ పెట్టి, నీళ్ళు కాగాయా అని ఎవరో వేలు ముంచబోయారు. చిన్నాయన ఆ చెయ్యి అవతలికి తోసి, ప్లగ్గు పీకి, పెళ్ళికొడుకు స్నానం అయ్యేదాకా దాన్ని గుప్పిట్లోనే పట్టుకుని నిలబడ్డాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నేను పెళ్ళై కుప్పం వచ్చిన కొత్తలో, పాత ఫ్రిజ్జొకటి తానే బాగుచేసి తెచ్చిచ్చాడు. మా గోడకు ఉన్నవి రెండు బొక్కల ప్లగ్గులే. మా ఆయన ఫ్రిజ్జు ప్లగ్గుకున్న మూడో పిన్నును విరిచేద్దామని కటింగ్ ప్లేయర్ తీశాడు. చిన్నాయన ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ కాలు ఫ్రిజ్జుకు కాదప్పా, ముట్టుకునే మనిషికి" అన్నాడు.

అప్పట్లో మా వైపు ఫ్రిజ్జు షాకు కొట్టి జివ్వుమంటే ఎవరికీ భయం లేదు. ఫ్రిజ్జంటే అంతే అనుకుని, ముందర చెక్క పీట వేసుకుని, దానిమీదెక్కి తలుపు తీసేవాళ్ళు. మా అత్త కూడా పీట సిద్ధం చేసి పెట్టింది. చిన్నాయన ఆ పీటను లాక్కుని, దానిమీద కూర్చుని కాఫీ తాగాడు. రెండు రోజులుండి పెరట్లో గుంత తవ్వించి, ఇనుప పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలుగా పోసి, అక్కణ్ణుంచి ఇంట్లోకి వైరు లాగాడు. నేల తడిగా ఉంటేనే ఎర్తు పనిచేస్తుంది, వారానికి రెండు బిందెలు పోయాలి అని ఆ పని నాకు అప్పగించి పోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నావా అని అడిగిన పాపాన పోలేదు. గుంతలో నీళ్ళు పోస్తాండావా అనే అడిగేవాడు.

ఏళ్ళు గడిచాయి. పోయిన ఏడాది వానలు మొహం చాటేశాయి. ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. ఒక్క బిందె కోసం వీధిలో నేను పడని గొడవ లేదు. తాగడానికే లేకుంటే మట్టికెవరు పోస్తారు? పోయలేదు. ఆయన అడిగితే మాత్రం పోస్తాండానని చెప్పాను. ఒకసారి కాదు, ఏడాదంతా.

మొన్న కార్తీకంలో మా పాప చేతులు కడుక్కుని వచ్చి, తడిచేత్తో ఫ్రిజ్జు తలుపు పట్టుకుంది. ఎవరో విసిరేసినట్టు వెళ్ళి గోడకు కొట్టుకుంది. మోచెయ్యి దోక్కుపోవడంతో సరిపోయింది. నా ప్రాణం మాత్రం పైకే పోయింది.

ఫోన్ చేసి చెబితే, మరుసటి రోజే చిన్నాయన పుంగనూరులో బస్సు మారి వచ్చాడు. ఫ్రిజ్జు వెనక ఒరుసుకుపోయిన వైరు మార్చాడు. తర్వాత ఒక బల్బుకు రెండు వైర్లు కట్టి ఎర్తును పరీక్ష చేశాడు. ఎర్తు బాగుంటే బల్బు నిండుగా వెలగాలి. అది ఊదుబత్తి కొసలాగా ఎర్రగా ఉండిపోయింది. చిన్నాయన సంచిలోంచి తాను తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ సీసా తీసి, పెరట్లోకి పోయి గుంతలో వంచేశాడు. కాసేపటికి బల్బు కొంచెం తేరుకుంది.

"తప్పు వైరుదేమ్మా, పాతదై పోయుండాది" అని మా అత్తకు చెప్పాడు. నా వైపు చూడలేదు. నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

కర్మాంతరాలకు మదనపల్లె పోయి, ఆయనకు చెప్పాల్సింది పిన్నమ్మకు చెప్పి ఏడ్చాను. ఆమె నా తల నిమిరింది.

"నాకు తెలుసమ్మా. ఆపొద్దే వచ్చి చెప్పినాడు. తాగేదానికే లేని ఊర్లో బిడ్డను నీళ్ళు పొయ్యమన్యాను, నాకు బుద్ధి ల్యాకపాయ అని తన్ను తానే తిట్టుకున్యాడు" అంది.

లేచి నన్ను అంగడిలోకి తీసుకుపోయింది. తలుపు మూల ఒక ప్లాస్టిక్ పైపు, వంపు బిగించి సిద్ధంగా ఉంది. దానిమీద బొగ్గుతో రాశాడు: 'కుప్పం. పాప స్నానం నీళ్ళు.' మా స్నానాల గది తూము నుంచి గుంత దాకా ఎన్ని అడుగులో ఆయన ఆరోజే కొలుచుకుని వచ్చాడట. ఎండలు ముదిరేలోగా తెచ్చి బిగిస్తానన్నాడట.

కండక్టరు సణుగుతున్నా ఆ పైపును బస్సులో నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. మా ఆయన బిగించాడు. చిన్నాయన కొలత ఒక్క అంగుళం కూడా తప్పలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున పాప స్నానం చేస్తుంటే నేను పెరట్లో నిలబడతాను. సబ్బు నురగ పైపులోంచి వచ్చి గుంతలో పడుతుంది. బడికి టైమైతాందని పాప లోపలి నుంచి అరుస్తూనే ఉంటుంది. పొయ్యి మీద పాలు పొంగుతాయి. పొంగనీ. ఆ నురగ చివరి బుడగ ఇంకేదాకా నేను అక్కణ్ణుంచి కదలను.